తల్లి బతికున్న నవల

నవలల మీద సంగమ్మకు ఒకటే ఫిర్యాదు. కథ మొదలయ్యేసరికే పిల్ల తల్లి చచ్చిపోయి ఉంటుంది. చావకపోతే వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంటుంది, పెళ్ళి పందిట్లో అక్షింతలు వేసేదాకా మళ్ళీ కనబడదు. “రాసెటోళ్ళకు తల్లి అడ్డమొస్తదో ఏమో, ముందుగాల్నే సంపుతరు” అనేది. అక్షరం ముక్క రాని మనిషి ఇంత మాట అంటే బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వేవారు. సుమిత్ర మాత్రం నవ్వేది కాదు. చదివి వినిపించేది తనే కాబట్టి, అప్పటిదాకా చదివినవన్నీ ఒకసారి తలుచుకుని, నిజమే పెద్దమ్మా అనేది.

పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ ప్యాకింగు గది అది. మాత్రల పట్టీలు యంత్రం దగ్గర నుంచి కుప్పలుగా వచ్చి పడతాయి. తెల్ల కోటు వేసుకుని, టోపీ పెట్టుకున్న ఐదుగురు ఆడవాళ్ళు పొడుగు బల్ల చుట్టూ కూర్చుని, అట్ట డబ్బీ విప్పి, అడుగు మూసి, పట్టీలు పేర్చి, మడత కాగితం దోపి, మూత పెట్టి ఎవరి ట్రేలో వాళ్ళు సర్దుకోవాలి. అలవాటైన చేతులు వాటంతట అవే నడుస్తాయి. ఇక మనసు ఏం చేయాలి? అందుకే ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటు పుట్టింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, సూపర్‌వైజరు ఆఫీసులో కునుకు తీసే వేళ, పదో తరగతి దాకా చదివిన సుమిత్ర నవల తీసి చదువుతుంది. మిగతా నలుగురూ తమ ట్రేలో వేసుకుంటూ నడుమ నడుమ ఒక డబ్బీ ఆమె ట్రేలో వేస్తారు. సాయంత్రం చూస్తే అందరికంటే ముందు నిండేది సుమిత్ర ట్రేనే. అందులో పోశమ్మ వాటా ఎక్కువ, ఎందుకంటే కథ ఆగితే పోశమ్మ తట్టుకోలేదు.

ఏ కథ అన్నదాని మీద మాత్రం రోజూ తగవే. పోశమ్మకు దయ్యమో మంత్రగాడో లేని ప్రేమకథ చప్పగా ఉండేది. పాడుబడ్డ బంగళా వచ్చేదాకా ఆవులిస్తూ ఉండి, అద్దంలో తెల్లచీర కదలగానే చేతిలో డబ్బీ అట్లాగే పట్టుకుని నోరు తెరిచేది. ఆమె మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. చచ్చిన మనిషి ప్రేమ చంపుకోలేక తిరిగొస్తాడంటే ఆమెకు భయం వేసేది కాదు, హాయిగా ఉండేది. ముత్యమ్మకు పెళ్ళి కుదిరింది. ఆమె హీరోకు కారుండాలి, ముందు కసురుకోవాలి, తర్వాత కాళ్ళబేరానికి రావాలి. గుంటూరు వైపు నుంచి వచ్చిన నాగరత్నానికి ఉమ్మడి కుటుంబం కావాలి. “ప్రేమదేముందండీ, ఎవరైనా ప్రేమిస్తారు. అత్తగారి దగ్గర నెగ్గుకొచ్చిందా లేదా, అదీ కథ” అని తేల్చేసేది.

సంగమ్మ రాజుల కాలం కథలు అడిగేది. వాటిలో పిల్ల కోట దాటితే గుర్రాలు కదులుతాయి, సైన్యాలు కదులుతాయి, ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. ఇప్పటి కథల్లో పిల్ల గడప దాటిన మరు పేజీలో దండలు మార్చుకుంటుంది, ఆ తర్వాతి పేజీలో ఊటీలో ఉంటుంది. “ఇంటికాడ ఏమైందో ఒక్కలన్న రాస్తరా?” అని కోపంగా అడిగేది. ఆ కోపం ఎక్కడిదో అందరికీ తెలుసు. సంగమ్మ ఒక్కగానొక్క బిడ్డ కళావతి రెండేళ్ళ కింద శ్రీకాకుళం నుంచి పనికొచ్చిన ఫిట్టరు రాజారావు వెంట పోయి పెళ్ళి చేసుకుంది. కులం వేరు, ప్రాంతం వేరు. కాజీపల్లిలో కిరాయి గదిలో ఉంటోంది. రెండు బస్సులు ఎక్కితే చేరే దూరమే. సంగమ్మ ఒక్కసారీ పోలేదు.

అట్లాంటి రోజుల్లో పటాన్‌చెరు అద్దె పుస్తకాల షాపు నుంచి సుమిత్ర నీలం చీర పుస్తకం తెచ్చింది. చదవలేని వాళ్ళకు అట్ట మీది బొమ్మే పుస్తకం పేరు. నీలం చీర కట్టుకుని వీపు తిప్పి నిలబడిన పిల్ల పేరు మాధురి, జమీందారు బిడ్డ. తండ్రి వద్దన్న డాక్టరుతో వెళ్ళిపోతుంది. అక్కడిదాకా పాత కథే. కానీ ఆ రచయిత్రి ఎవరో గానీ పిల్ల వెంట పోకుండా ఇంట్లోనే ఆగిపోయింది. తల్లి సుభద్రమ్మ బతికే ఉంది. వేళకు కంచాలు పెడుతూ అలవాటున బిడ్డ కంచం కూడా పెట్టి, మొగుడు చూసేలోపల తీసి, బోర్లించి, దాని మీద చెయ్యి అట్లాగే ఉంచుతుంది. ఆ మాట చదివినప్పుడు సంగమ్మ చేతిలో పట్టీలు బల్ల మీద జారిపోయాయి. “గిది ఎవరో తల్లే రాసింది” అంది. ఆ రోజు నుంచి రాజులూ లేరు, గుర్రాలూ లేవు. పొద్దున గేటు దగ్గర సుమిత్ర కనబడగానే, పుస్తకం తెచ్చినవా అని అడగడం మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నం కథ చివరికి వచ్చింది. మాధురికి నొప్పులు మొదలయ్యాయని ఎవరో కబురు తెస్తారు. సుభద్రమ్మ పెద్ద తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేస్తుంది. హాల్లో మొగుడు పేపరు చదువుకుంటూ ఉంటాడు. ఆయన తల ఎత్తడు. ఆమె చెయ్యి గొళ్ళెం మీదే ఉంటుంది. సుమిత్ర పేజీ తిప్పబోతుండగా వరండాలో బూట్ల చప్పుడైంది.

పట్నం నుంచి తనిఖీ ఆఫీసర్లు రాబోతున్నారని సూపర్‌వైజరు వెంకటేశం ఆ రోజు కునుకు మానుకున్నాడు. పుస్తకం బల్ల కింద నుంచి సంగమ్మ ఒళ్ళోకి వచ్చింది. ఆమె దాన్ని కోటు లోపల కడుపుకు అదుముకుంది. వెంకటేశం వచ్చేసరికి నలుగురి చేతులు పరుగెడుతున్నాయి, సుమిత్ర చేతులు మాత్రం ఖాళీగా బల్ల మీద ఉన్నాయి. ఆమె ట్రే అందరి ట్రేల కంటే నిండుగా ఉంది. చేతులు ఆడకుండా ట్రే ఎట్లా నిండిందని అడిగాడు. చదివిన గొంతు వరండా దాకా వినబడిందట, ఆ పుస్తకమేదని అడిగాడు. సుమిత్ర తల వంచుకుంది. ఒక్కొక్కరి ముఖం చూశాడు. పోశమ్మ డబ్బీ మూత వేసి, తీసి, మళ్ళీ వేసింది. చివరికి అందరిలో పెద్దదని సంగమ్మను అడిగాడు, ఏం జరుగుతున్నదిక్కడ అని.

పుస్తకం మూల ఆమె పొట్టలో గుచ్చుకుంటోంది. ఇది మా అందరి పద్ధతి, ఆ పిల్ల వంతు మేమే చేస్తం అని చెబితే సరిపోయేది. ఐదుగురినీ తీసేయడం వెంకటేశం తాతతరం కాదు.

“నాకేం తెల్వదు సారు” అంది సంగమ్మ.

సాయంత్రం గేటు దగ్గర కూలీల మేస్త్రీ నర్సన్న సుమిత్రను పక్కకు పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. సంగమ్మ దగ్గరికి వచ్చి, “పెద్దమ్మా, పుస్తకం పైలం. షాపుల ఇయ్యాలె” అని మాత్రం చెప్పి ఇస్నాపూర్ దారి పట్టింది. తిట్టి ఉంటే సంగమ్మకు కొంచెం ఊపిరాడేది.

శుక్రవారం బల్ల దగ్గర ఐదో పీట ఖాళీగా ఉంది. చాలాసేపు అట్ట మడతల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అన్నాలయ్యాక ముత్యమ్మ ఉండబట్టలేక, ఇంతకీ సుభద్రమ్మ గొళ్ళెం తీసి ఉంటుందా అంది. దాంతో అందరికీ నోళ్ళు వచ్చాయి. పోశమ్మ చెప్పిన ప్రకారం మాధురి కాన్పులో చనిపోయి, తెల్లచీరలో వచ్చి తల్లి గొళ్ళెం మీద తన చెయ్యి వేస్తుంది. ముత్యమ్మ ఒప్పుకోలేదు. డాక్టరు కారులో వచ్చి మామను నాలుగు దులిపి అత్తను ఎక్కించుకుపోతాడంది. నాగరత్నం చాలా ఓపిగ్గా, పసిబిడ్డను చూడగానే ముసలాయన పంతం కరిగిపోతుందనీ, నామకరణం వీళ్ళింట్లోనే జరుగుతుందనీ, వడ్డనలో పూర్ణాలు కూడా ఉంటాయనీ చెప్పింది. ఎవరికి ఏ నవల ఇష్టమో వాళ్ళు ఆ ముగింపే చెప్పారు. నీకేమనిపిస్తుందని సంగమ్మను అడిగితే ఆమె ఇంకో డబ్బీ అందుకుని అడుగు మూసింది.

షిఫ్టు వదిలే వేళ పోశమ్మ చేతులు కడుక్కుంటూ పక్కకు వచ్చింది. వాళ్ళ అక్క కొడుకు కాజీపల్లిలో పని చేస్తాడు, కళావతిని నల్లా దగ్గర చూశాడట. “నెలలు నిండినయట సంగక్కా. కడుపు కిందికి జారిందట. ఒక్కతే నీళ్ళు మోస్తున్నదట” అంది.

తొలుసూరు కాన్పు తల్లిగారింట్లో జరగాలి. ఏడో నెలలో తల్లి వెళ్ళి, బిడ్డ ఒడిలో బియ్యం పోసి వెంట తెచ్చుకోవాలి. ఎంత లేనివాళ్ళైనా అప్పు చేసైనా జరిపిస్తారు. బిడ్డ కడుపుతో ఉందని ముందే చెవిన పడింది కాబట్టి, ఏడో నెల ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో సంగమ్మకు తెలుసు. పొయ్యి ముందు కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది గానీ లేచి బయల్దేరలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా పటాన్‌చెరు బస్సు ఎక్కింది. బస్టాండు వెనక సందులో సూర్యప్రకాశరావు పంతులు షాపు ఉంది. బడి ఉద్యోగం అయిపోయాక పెట్టుకున్నాడు. మనిషి పట్టేంత దారి తప్ప మిగతాదంతా పుస్తకాలే. ఎవరికి ఏది కావాలో ఆయన అడగకుండానే తీసిస్తాడు. ఆస్పత్రి నర్సమ్మలకు ప్రేమ కథలో హంతకుడు కూడా ఉండాలి, డాక్టర్లు మాత్రం ఉండకూడదు. లారీ డ్రైవర్లు సిగ్గుపడుతూ వచ్చి మంచి ఏడుపు పుస్తకం అడుగుతారు. నీలం చీర పుస్తకాన్ని దూరం నుంచే గుర్తుపట్టి, సుమిత్ర రాలేదేమని అడిగాడు. సంగమ్మ జరిగింది చెప్పింది. తను అన్న మాట కూడా దాచకుండా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆఖరుకు ఏమవుతుందో చెప్పమని అడిగింది. ముగింపు చెప్పడం షాపు మర్యాద కాదమ్మా, ఎవరితోనైనా చదివించుకో అన్నాడు. “సదివెటామె నోట్లె మన్ను కొట్టిన పంతులూ. ఎవరిని అడగాలె?” అంది సంగమ్మ. అప్పుడాయన పీట చూపించి కూర్చోమన్నాడు. సుభద్రమ్మ తెల్లవారేదాకా అట్లాగే నిలబడుతుందని, మొగుడు నిద్ర లేవకముందే తలుపు తీసుకుని వెళ్తుందని, ఆమె చేరేసరికి అంతా అయిపోయి ఉంటుందని, పసిపిల్ల మాత్రం దక్కుతుందని మెల్లగా చెప్పాడు.

ఆయనకు ఏం తోచిందో ఏమో, పుస్తకం చివరి పేజీ తెరిచి ఆమె వైపు తిప్పాడు. అచ్చు అక్షరాలు సగం పేజీకే ఆగిపోయాయి. మిగతా సగమంతా పెన్సిలు రాతలు. కొన్ని ముద్దగా, కొన్ని వాలుగా, ఒకటి అడ్డంగా. రాయొద్దని అట్ట మీద రాసిపెట్టినా చదివినవాళ్ళు ఊరుకోరు, ఈ పుస్తకం మీద మరీ అన్నాడు. ఒక్కొక్కటీ చదివాడు. ఇంత ఏడిపించాలా అని ఒకరు. జీవితం ఇంతే, ముగింపు బాగుంది అని ఒకరు. చంపితే తండ్రిని చంపాల్సింది అని ఒకరు. అడుగున చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది. ఒక్కరోజు ముందు పోతే సరిపోయేది గదా అని.

“గది యాడున్నది?” అని అడిగింది. ఆయన చూపించాడు. సంగమ్మ ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. పంతులు పుస్తకం అందుకోబోతే వదల్లేదు. ఇంకో వారం ఉంచుకుంటానంది. ఆయన సరేనన్నాడు.

ఇంటికి వెళ్ళి మొగుడు మల్లన్నకు అన్నం పెడుతూ బిడ్డ సంగతి ఎత్తింది. నెలలు నిండాయట, ఒక్కతే నీళ్ళు మోస్తున్నదట అని చెప్పింది. మల్లన్న ముద్ద కంచంలోనే పెట్టి, ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. రెండేళ్ళ కింద కళావతి దండతో వచ్చి గడప ముందు నిలబడినప్పుడు తలుపు మూసింది ఆయనే. సంగమ్మ తలుపు లోపల ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. ఇన్నాళ్ళూ నవలల్లో ఏడ్చే తల్లులను తను ఎందుకు తిట్టిందో ఆమెకు ఆ పూట బాగా అర్థమైంది, అర్థమై సిగ్గేసింది.

శనివారం డ్యూటీ గంట కొట్టకముందే వెంకటేశం గదిలోకి వెళ్ళి పుస్తకం ఆయన బల్ల మీద పెట్టింది. ఇట్లా సూపర్‌వైజరు గదిలోకి ఒక్కతే పోవడం ఆమెకు అదే మొదలు. కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడింది.

“పుస్తకం నా తాన ఉండె సారు. సదవమన్నది మేము. ఆ పొల్ల ట్రే నింపింది గూడ మేమే. అది మా బల్ల మీద కట్టుబాటు” అంది.

మొన్న అడిగినప్పుడు నోరెక్కడ పోయిందని ఆయన మండిపడ్డాడు. మొన్న భయమైందని చెప్పింది. ఇవాళ కావట్లేదా అంటే, అవుతున్నది సారు అంది. వెంకటేశం పుస్తకం తీసి అట్ట చూశాడు, కొన్ని పేజీలు తిప్పాడు. “మా ఇంట్లామె గూడ ఇది సదివింది. రెండు దినాలు సక్కగ అన్నం తినలే” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. పుస్తకం ఆమె వైపు తోసి మళ్ళీ గొంతు బిగించాడు. సుమిత్రను సోమవారం నుంచి రమ్మను, నువ్వు మాత్రం వారం రోజులు రాకు, బల్ల దగ్గర ఇంకోసారి పుస్తకం కనబడితే అందరినీ తీసేస్త అన్నాడు. అది న్యాయమో కాదో సంగమ్మకు తెలియలేదు. ఎవరో ఒకరు బయట ఉండి తీరాలన్నది ఆయన లెక్క. బయట ఉండేది తనే అయినందుకు ఆమెకు మనసు తేలికపడింది.

తిన్నగా ఇస్నాపూర్ పోయింది. సుమిత్ర వాళ్ళ పెరట్లో చింతపండు గింజ తీస్తోంది. సంగమ్మ చెప్పింది విని కాసేపు చేతిలో కత్తి ఆపింది. “నీ కూలి పోతది గద పెద్దమ్మా” అంది. పోతే పోనీ అంది సంగమ్మ. ఇద్దరూ కలిసి కొంచెంసేపు గింజ తీశారు. క్షమించమని సంగమ్మ అడగలేదు, క్షమించానని ఆ పిల్ల చెప్పలేదు. లేచి వస్తుంటే సుమిత్ర, పుస్తకం ఆఖరు ఏమైందో తెలిసిందా అని అడిగింది.

“పూరా తెల్వలే. సదివించుకుంట.”

“ఎవరితోని?”

“సదువొచ్చినోళ్ళు నాకు గూడ ఒకలున్నరు” అంది సంగమ్మ.

ఆదివారం పొద్దున సంచి సర్దుకుంది. పాత మెత్తటి చీరలు చింపి మడతపెట్టిన బట్టలు, బాలింతకు పెట్టడానికి ముందురోజు దంచిన కాయం, వాము, నువ్వుల నూనె సీసా, ఒక సేరు బియ్యం, రవికె గుడ్డ. అన్నిటి మీద నీలం చీర పుస్తకం. మల్లన్న బయట అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. సంచి చూశాడు. ఎక్కడికని అడగలేదు. సంగమ్మ తలుపు దాటేటప్పుడు గొళ్ళెం చేతికి తగిలి సుభద్రమ్మ గుర్తొచ్చింది. అక్కడ ఒక్క క్షణం కూడా నిలవకూడదనుకుని బయటికి వచ్చేసింది.

“కాజీపల్లికి పోతున్న. కాన్పు అయినంక వస్త.”

“వచ్చినంక తలుపు తియ్యకపోతే?” అన్నాడు మల్లన్న, బీడీ వైపు చూస్తూ.

“తియ్యకు. నువ్వు కూసున్న అరుగు మీదనే కూసుంట, నీ మనుమన్నో మనుమరాలినో ఎత్తుకొని” అంది. వాకిలి దాటి వెనక్కి చూస్తే ఆయన బీడీ ఆరిపోయినా అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

కాజీపల్లిలో బస్సు దిగగానే మందుల ఘాటు ముక్కుకు కొట్టింది. ఫ్యాక్టరీల గోడ పక్క కాలువలో నీళ్ళు గోధుమ రంగులో నురగలు కక్కుతున్నాయి. దాని అవతల రేకుల గదులు ఒకటే వరస. ఫిట్టరు రాజారావు గది ఏదని ఒకామెను అడిగితే చివరిదని చెప్పింది, ఆయన డ్యూటీకి పోయాడని కూడా చెప్పింది. తలుపు తెరిచే ఉంది. కళావతి ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని వంగి బిందె పక్కకు జరుపుతోంది. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. నీడ పడితే తలెత్తింది.

“అవ్వా” అంది. చిన్నప్పటి నుంచి తల్లిని పిలిచే పిలుపు అదే. రెండేళ్ళలో అది పాతబడలేదు.

సంగమ్మకు దారి పొడవునా అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. సంచిలో చెయ్యి పెట్టి పుస్తకం తీసి ముందుకు చాపింది. “గీ పుస్తకం ఆఖరు సదివిపెట్టాలె. బల్లకాడ సదివెటామె పనికి వస్తలేదు.”

కళావతి పుస్తకాన్ని చూసింది, తల్లిని చూసింది. “గిందుకొచ్చినవా?”

“గిందుకే.”

లోపలికి రమ్మనలేదు గానీ పక్కకు జరిగింది. ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. కళావతి కాళ్ళు చాపుకుని పుస్తకం పొట్ట మీద ఆనించుకుంది. సంగమ్మ ఇంతవరకు కథ చెప్పింది, తల్లి గొళ్ళెం మీద చెయ్యి వేసిందాకా. మొగుడు పేపరు చదువుతున్నాడు, తల ఎత్తలేదు అని చెప్పేటప్పుడు బిడ్డ వైపు చూడలేకపోయింది. కళావతి పేజీ వెతుక్కుని చదవడం మొదలుపెట్టింది. బళ్ళో చదివినప్పటి మాదిరే వరస కింద వేలు పెట్టి, మాట మాటనూ నొక్కి పలుకుతూ చదువుతోంది. ఆ వేలిని సంగమ్మ ఎన్ని సాయంత్రాలు చూసిందో, అన్నం ఉడికేదాకా. గదిలో ఆ గొంతు వింటుంటే ఏడుపు తన్నుకొచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకుంది.

సుభద్రమ్మ రాత్రంతా నిలబడటం, కాళ్ళు మొద్దుబారడం, తెల్లవారడం అయ్యాయి. కళావతి పేజీ తిప్పింది. సగం అచ్చు, సగం పెన్సిలు. ఆ పేజీ సంగమ్మకు తెలుసు.

కళావతి వేలు ఆగిపోయింది. కళ్ళు మాత్రం కిందిదాకా వెళ్ళాయి, అచ్చు అయిపోయినా ఆగకుండా పెన్సిలు రాతల మీదుగా పేజీ అంచు దాకా వెళ్ళాయి. మళ్ళీ పైకి వచ్చాయి. పొట్ట మీద పుస్తకం మెల్లగా లేచి పడుతోంది. బయట ఎవరో పిల్లవాడిని కేకేస్తున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పుస్తకంలోకే చూస్తూ చదివింది.

“సుభద్రమ్మ గొళ్ళెం తీసింది. మొగుడు సూసిండు గని ఆమె ఆగలేదు. పొద్దుగాల్నే బస్సెక్కింది.”

ఆ నవలలో బస్సు లేదు. జమీందారు ఇంటి ఆడవాళ్ళు కారు తప్ప ఎక్కరు. సంగమ్మ కదలకుండా కూర్చుంది.

“పోయేటాల్లకు బిడ్డ ఇంట్లనే ఉన్నది. బిందె జరుపుతున్నది. ఇద్దరికి ఏం మాట్లాడాల్నో తెల్వలే. ఇన్ని దినాలకు యాదికొచ్చిన్నా అని బిడ్డ అడగలే. ఎందుకు పోయినవే అని తల్లి అడగలే.” కళావతి వేలు ఇప్పుడు ఏ వరస మీదా లేదు. “తల్లి వచ్చింది. గంతే. అయిపోయింది.”

పుస్తకం మూయబోతే సంగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అడుగున చిన్న అక్షరాల వరసను తన వేలితో వెతికి పట్టుకుంది.

“ఇంట్ల పెన్సిలున్నదా?” అని అడిగింది.

“ఎందుకు?”

“సదివినోళ్ళంత గీడ ఏదో ఒకటి రాసిన్రు. పంతులు నాకు సదివి సెప్పిండు. పైన అచ్చు గూడ సెప్పిండు.” సంగమ్మ పుస్తకం ఆమె వైపు జరిపింది. “ఇప్పుడు నువ్వు సదివింది రాయి బిడ్డా. నా ఎనక తీస్కపోయెటోళ్ళకు గదే తెల్వాలె.”

కళావతి తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. “అయితె నీకు ఎరుకేనా అవ్వా, ఆమె సచ్చిపోయిందని?”

“ఎరుకనే. అందుకే ఒక్క దినం ముందుగాల్నే వచ్చిన” అంది సంగమ్మ. అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆగలేదు. కళావతి ఏడుస్తూనే తల్లి చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా కదిలింది.

కొంతసేపటికి సంగమ్మ ముఖం తుడుచుకుని సంచిలోవన్నీ బయట పెట్టింది. బట్టలు ఒకవైపు, కాయం, వాము ఒకవైపు. బియ్యం తీసి, కూర్చున్న చోటనే బిడ్డ ఒడిలో పోసింది. “తల్లిగారింటికి తోల్కపోయి పొయ్యాలె. మీ నాయిన ఇంక తలుపు తియ్యలే. ఏం జేద్దాం, తల్లి యాడుంటే గదే తల్లిగారిల్లు అనుకుందాం” అంది. కళావతి ఒడి పట్టుకుని ఒక్క గింజ కింద పడకుండా చూసుకుంది.

గూట్లో రాజారావు కొలతలు గీసుకునే మొద్దు పెన్సిలు దొరికింది. పేజీలో చోటు లేదు, అంతా ఎవరెవరివో రాతలు. కళావతి వెనక అట్ట లోపలి వైపు తిప్పి, ఖాళీగా ఉన్న చోట వంగి రాయడం మొదలుపెట్టింది. నల్లా వచ్చిందని బయట ఆడవాళ్ళు బిందెలు చప్పుడు చేశారు. కళావతి లేవబోతే సంగమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టి, బిందె తనే ఎత్తుకుని వెళ్ళింది. వరసలో నిలబడి, నింపుకుని, మళ్ళీ వెళ్ళి ఇంకో బిందె కూడా తెచ్చింది. తిరిగి వచ్చేసరికి కళావతి ఇంకా రాస్తూనే ఉంది.